టీచరు కన్నా గంట పెద్దది

ఆ బడిలో ఒకటో తరగతి ఎక్కడ అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "చెప్పులు చూసుకుంటూ వెళ్ళండి" అనేవాళ్ళు. అంతకన్నా గుర్తు అక్కర్లేదు మరి. మిగతా గదుల ముందు చెప్పులు గాలివానకు కొట్టుకొచ్చినట్టు పడి ఉండేవి. ఒకటో తరగతి గుమ్మం ముందు మాత్రం ముప్పై నాలుగు జతలు, మడమలు గోడవైపు, వేళ్ళు వరండావైపు, దారం పట్టి కొలిచినట్టు ఉండేవి. వాటిని దాటుకుని లోపలికి పోవాలంటే పెద్దవాళ్ళు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని అడుగెయ్యాల్సి వచ్చేది.

అది వరసల టీచరమ్మ గది. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు లేకపోలేదు, కానీ ఇరవై ఏడేళ్ళుగా ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. పిల్లల్ని పొట్టి నుంచి పొడుగుకు నిలబెట్టేది. పెన్సిళ్ళను కూడా పొట్టి నుంచి పొడుగుకే పెట్టించేది. ఇంట్లో డబ్బాలు, బొత్తాలు, ఆరేసిన బట్టలు, అన్నీ అదే తీరు. గడియారాలు బాగుచేసే ఆవిడ భర్త, కొట్టుకు వచ్చినవాళ్ళతో, "మా ఇంట్లో బొద్దింకలు కూడా ఒకదాని వెనక ఒకటే వస్తాయండీ, మా ఆవిడ చూస్తుందని వాటికి తెలుసు" అనేవాడు. లోపలి నుంచి ఆవిడ వింటూనే ఉండేది. ఆ మాటలో తిట్టేమీ ఆవిడకు కనిపించేది కాదు.

ఆవిడ గదిలో మూడు కట్టుబాట్లు. టీచరు చెప్పకుండా లేవకూడదు. సంచీ వదిలి వెళ్ళకూడదు. చెప్పులు వేసుకోకుండా వరండా దాటకూడదు. ఆరేళ్ళ పిల్లలు ముప్పై నాలుగు మంది ఉన్న గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేదంటే, ఆ గొప్ప ఈ మూడింటిదే. ఆవిడ గీసిన గీత ఏ పిల్లా దాటలేదు. ఆ మాటకొస్తే ఇప్పటి హెడ్మాస్టరమ్మ కూడా ఒకప్పుడు ఆ గదిలో రెండో బెంచీ మీద కూర్చున్న పిల్లే. ఇప్పటికీ టీచరమ్మ తన గదిలోకి వస్తే కుర్చీలోంచి సగం లేచి, అలాగే గాలిలో ఉండిపోయేది.

ఆ ఏడు, చిన్నపిల్లలకు అగ్ని ప్రమాదాల జాగ్రత్తలు నేర్పాలని బడులన్నిటికీ పైనుంచి కాగితం వచ్చింది. నేర్పాక ఫైర్ స్టేషన్ ఆఫీసరు వచ్చి చూస్తాడని కూడా అందులో ఉంది. మిగతా టీచర్లు ఆ కాగితాన్ని ఒకసారి చదివి వినిపించి, "విన్నారా?" అని అడిగి, విన్నామనిపించుకుని మడిచి పెట్టేశారు. మన టీచరమ్మ అలా ఊరుకునే రకం కాదు. ఇంట్లోంచి ఒక పాత బూడిదరంగు దుప్పటి తెచ్చింది. పొడుగాటి పిల్లలిద్దరిని చెరో కొసా పట్టుకోమని, నడుమెత్తున చాపింది.

"ఇదేంటి?" అంది.

"దుప్పటి టీచర్."

"కాదు. పొగ. పొగ ఎటు పోతుంది?"

"పైకి!"

"మరి మనం?"

"కిందికి!" అని అరుస్తూ పిల్లలు మోకాళ్ళ మీద దాని కింద నుంచి పాక్కుంటూ వెళ్ళేవాళ్ళు. వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడేవాళ్ళు, ఇంకోసారి పాకనిస్తారేమో అని. బట్టకు నిప్పు అంటుకుంటే పరిగెత్తకుండా ఆగి, కిందపడి, దొర్లాలని నేర్పింది. ఆ రోజు గదిలో చీపురు పని మిగల్లేదు. మంచం కిందా బీరువాలోనూ దాక్కుంటే వెతకడానికి వచ్చినవాళ్ళకు కనపడరని చెప్పింది. మూసిన తలుపును అరచేత్తో కాదు, చెయ్యి తిప్పి వెనకవైపుతో తాకి చూడాలంది. ఎందుకని అడిగితే, "అరచెయ్యి కాలితే పాకలేం" అని సగం మంది, "అన్నం తినలేం" అని సగం మంది జవాబిచ్చారు. రెండూ ఒప్పే అంది.

ఆఫీసరు వచ్చిన రోజున ఒకటో తరగతి గది దద్దరిల్లిపోయింది. తెల్ల మీసాలూ మోకాళ్ళ నొప్పీ ఉన్న మనిషి ఆయన. ఏది అడిగినా ముప్పై నాలుగు గొంతులు ఒకేసారి జవాబు చెప్పాయి. ఆయన మీసాల చాటున నవ్వుకున్నాడు. హెడ్మాస్టరమ్మ మొహం చాటంతయింది. "ఇంక గంట కూడా కొట్టించి చూద్దాం. కాసేపాగి ఎప్పుడో ఒకప్పుడు మోగుతుంది. ఆగకుండా మోగితే అందరూ గేటు పక్కన పసుపు గోడ దగ్గరికి రావాలి" అని చెప్పి ఆయన బయటికి వెళ్ళాడు.

గంట మోగింది. మిగతా తరగతుల పిల్లలు చిల్లుపడ్డ బస్తాలోంచి గింజలు రాలినట్టు బయటపడ్డారు. తోసుకున్నారు, అరిచారు, ఒకడు రెండుసార్లు పడ్డాడు. నిమిషం నలభై సెకన్లకు అందరూ గోడ దగ్గర ఉన్నారు.

ఒకటో తరగతి పిల్లలు అలా రాలేదు. ముందు టీచరమ్మ మొహం చూశారు. ఆవిడ "లేవండి" అన్నాక లేచారు. సంచీలు తగిలించుకున్నారు. గుమ్మం దగ్గర కూర్చుని ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని పట్టీలు బిగించుకున్నారు. పట్టీ పెట్టుకోవడం రానివాళ్ళకు వచ్చినవాళ్ళు పెట్టారు. పొట్టి నుంచి పొడుగుకు నిలబడి, నోటి మీద వేలేసుకుని, పెళ్ళివారిలా నడిచి వచ్చారు. ఆఫీసరు చేతిలోని గడియారం ఆరు నిమిషాల ఇరవై సెకన్లు చూపించింది.

టీచరమ్మ తలలు తాకుతూ లెక్కపెట్టింది. ముప్పై మూడు. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ ముప్పై మూడే. ఆవిడ పరిగెత్తడం ఆ బడిలో అంతవరకూ ఎవరూ చూడలేదు. ఆ రోజు చూశారు.

గదిలో రెండో బెంచీ మీద ఇస్త్రీ పాప కూర్చుని ఉంది. వీధి చివర ఇస్త్రీ కొట్టు అతని కూతురు, బడిలో ఎవరి గౌనూ అంత నలగకుండా ఉండదు కాబట్టి ఆ పేరు. నోట్లో నాలుక లేని పిల్ల. గంట మోగడానికి కాస్త ముందు ఆ పిల్ల రాత వెనకబడిందని టీచరమ్మ, "నాలుగు వరసలూ అయ్యాక నేను చూస్తాను. నేను చెప్పేదాకా లేవకు" అంది. అని మర్చిపోయింది. పిల్ల మర్చిపోలేదు, అందరితో అన్న "లేవండి" తనకు కాదనుకుంది. నాలుగు వరసలూ రాసి, పెన్సిలు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"అయిపోయింది టీచర్. లేవమంటారా?" అంది.

టీచరమ్మ ఒక్క అంగలో బెంచీ దగ్గరికి వెళ్ళింది. పిల్లను ఎత్తుకుని బయటికి తెచ్చింది. ఇరవై ఏడేళ్ళలో ఏ పిల్లనూ ఎత్తుకోని మనిషి.

ఆఫీసరు కోప్పడలేదు. కోప్పడితే ఆవిడకు కాస్త తేలికగా ఉండేది. "అమ్మా, నా సర్వీసులో ఇంత చక్కని వరస చూడలేదు. ఇంత బాగా పాఠం వచ్చిన పిల్లల్నీ చూడలేదు. కానీ మీ పిల్లలకు నిప్పు కన్నా మీరంటేనే ఎక్కువ భయం" అన్నాడు. గుమ్మంలో చెప్పులు కూడా ఉండకూడదని, పొగలో వాటి మీదే పడతారని రాసుకున్నాడు. మూడు వారాల్లో చెప్పకుండా మళ్ళీ వస్తానన్నాడు.

సాయంత్రం హెడ్మాస్టరమ్మ పిలిచింది. ఎప్పట్లాగే సగం లేచి, నేల చూపులు చూస్తూ, "ఈసారి రెండు నిమిషాల్లో అందరూ బయటికి రాకపోతే ఒకటో తరగతి వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదు టీచర్. మీరు రిటైరయ్యేదాకా పుస్తకాల గది చూసుకుందురుగాని" అంది. టీచరమ్మకు ఇంకా ఏడాదిన్నర సర్వీసు ఉంది. ఆ ఏడాదిన్నరా ఆ గదిలోనే గడపాలని ఆవిడ ఆశ. అయినా ఆ మాట ఆవిడకు సగమే వినపడింది. "లేవమంటారా" అన్న మాట చెవుల్లో గింగురుమంటోంది.

ఇంటికెళ్ళి సంగతి చెప్పింది. "పుస్తకాల గదైతే నీకు హాయే. చెప్పకుండా ఒక్క పుస్తకమూ లేవదు" అన్నాడు భర్త. ఆవిడ నవ్వలేదు. నవ్వకపోయేసరికి ఆయన చేతిలోని గడియారం కింద పెట్టి, దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదండీ. నాకు యాభై ఏడేళ్ళు" అంది ఆవిడ.

"వంగాల్సింది మొక్కలే కదా. నువ్వు కాస్త పక్కకు జరిగితే చాలు" అన్నాడు ఆయన.

మర్నాడు బడి అయ్యాక ఆవిడ ఇస్త్రీ కొట్టుకు వెళ్ళింది. ఊరికే వెళ్ళడం బాగోదని బూడిదరంగు దుప్పటి పట్టుకెళ్ళింది. పొగకు కూడా ఇస్త్రీ చేయించిన మనిషి లోకంలో ఈవిడొక్కతే అయి ఉంటుంది. కొట్టంటే ఒక బల్ల, బొగ్గుల పెట్టె, మడతల దొంతరలు, అంతే. వెనకాల చెక్క పీట మీద ఇస్త్రీ పాప కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. టీచర్ని చూసి కళ్ళతో నవ్వింది కానీ కదల్లేదు.

"చూడండి టీచరమ్మా, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు" అన్నాడు తండ్రి, పెట్టెలో నిప్పులు ఊదుతూ. "నడక వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడే. నిప్పు దగ్గర కదలకూడదమ్మా, నాన్న చెప్పేదాకా కూర్చోవాలి అన్నాను. ఒక్కసారంటే ఒక్కసారి కూడా మాట జవదాటలేదు. బంగారం."

అప్పుడు టీచరమ్మకు అర్థమైంది. నిప్పు అనగానే పిల్ల తనకు తెలిసిన జాగ్రత్తే తీసుకుంది. ఇంట్లో ఒకరు, బడిలో ఒకరు, ఇద్దరూ ప్రేమతోనే కూర్చోబెట్టారు. లేవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

జరిగింది చెప్పింది. ఖాళీ గదిలో పిల్ల ఒక్కతే ఉండిపోయిందని వినగానే తండ్రి చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది. మాడు వాసన వచ్చాక ఉలిక్కిపడి పెట్టె ఎత్తాడు. దుప్పటి మీద ముక్కోణంగా గోధుమరంగు మచ్చ. "అయ్యో, పదేళ్ళలో ఎవరి బట్టా కాల్చలేదండీ" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు దుప్పటి కోసం కాదని ఆవిడకు తెలుసు.

"దుప్పటి పోతే పోనీ. మీరూ నేనూ కలిసి ఒక పని చెయ్యాలి" అంది.

ఇరవై ఏడేళ్ళు కట్టినదాన్ని విప్పడం ఆవిడ తన చేతులతోనే మొదలుపెట్టింది. చెప్పుల వరసను గుమ్మం ముందు నుంచి తీసి, మెట్ల కింద ఎవరి కాళ్ళకూ అడ్డం రాని మూలకు మార్చింది. వరస మానలేదు సుమా, చోటే మారింది. హాజరు పట్టీకి తాడు కట్టి, వెళ్తూ అందుకోవడానికి వీలుగా తలుపు పక్కన మేకుకు వేలాడదీసింది. "ఆగకుండా గంట మోగితే నన్ను అడగక్కర్లేదు. సంచీ వద్దు, చెప్పులు వద్దు. లేచి వెళ్ళిపోవడమే. వరస పసుపు గోడ దగ్గర" అంది. పిల్లలు నోళ్ళు తెరిచారు. ఇది నిజమా, టీచరుకు జ్వరం వచ్చిందా అన్నట్టు చూశారు.

మొదటి రోజు బడి ఆయా గంట కొడితే అందరూ ఆవిడ మొహమే చూశారు. మర్నాడు ఆవిడ బోర్డు వైపు తిరిగి నిలబడింది. చూడ్డానికి మొహం లేకపోయేసరికి సగం మంది లేచారు, మిగతా సగం వాళ్ళను చూసి లేచారు. నాలుగో రోజుకు వెనక బెంచీ వీరులకు గంట ఎప్పుడు మోగుతుందా అన్న ఆశ పట్టుకుంది. మచ్చపడ్డ దుప్పటి కింద పాకేటప్పుడు, "పొగలో నిప్పు కనిపిస్తోంది టీచర్" అన్నాడొకడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని ఆవిడ కూడా ఒప్పుకుంది.

ఇస్త్రీ పాప మాత్రం లేవలేదు. పక్కపిల్ల చెయ్యి లాగితే లేచేది. ఎవరూ లాగకపోతే చేతులు కట్టుకుని కూర్చుండిపోయేది. ఆ పిల్లకు పాఠం రాక కాదు. అడిగితే అందరికన్నా ముందు చెప్పేది.

రెండో వారం టీచరమ్మ ఒక పని చేసింది. తన కళ్ళజోడు తీసి ఇస్త్రీ పాపకు పెట్టి, బోర్డు దగ్గర నిలబెట్టింది. "ఇవాళ నువ్వే టీచరు" అంది. తను వెళ్ళి రెండో బెంచీలో ఇరుక్కుని కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇస్త్రీ పాప ముక్కు మీదికి జారుతున్న కళ్ళజోడును ఎగదోసుకుని, అచ్చం టీచరమ్మ గొంతుతో, "అందరూ రాయండి. నేను చెప్పేదాకా లేవకూడదు" అంది. తన మాట బయటివాళ్ళ నోట ఎలా ఉంటుందో టీచరమ్మకు అప్పుడు తెలిసింది.

గంట మోగింది. టీచరమ్మ పెన్సిలు వదిలేసింది. సంచీ వదిలేసింది. కీళ్ళు పటపటమంటుండగా బెంచీలోంచి లేచి, ఎవరి అనుమతీ అడక్కుండా గది బయటికి నడిచింది. పిల్లలంతా వెంటపడ్డారు.

"టీచర్, నేను చెప్పలేదు కదా" అని కొత్త టీచరు వెనకనుంచి పిలిచింది. గొంతులో ఏడుపు.

"గంట చెప్పిందమ్మా. గంట టీచరు కన్నా పెద్దది."

పిల్ల గుమ్మంలో నిలబడి ఆలోచించింది. "మా నాన్న కన్నా కూడానా?"

"మీ నాన్ననే అడుగు."

మర్నాడు బడి గేటు దగ్గర ఇస్త్రీ అతను కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "కొట్లో పెట్టె దగ్గర కదలకూడదు. అది అంతే. కానీ బడిలో గంట మోగితే నాన్న మాటా లేదు, టీచరు మాటా లేదు. గంట మాకందరికీ పెద్దది తల్లీ. నేను కదలొద్దన్నా నువ్వు కదులు." పిల్ల తలూపింది. ఆ పిల్ల దేనికైనా తలూపుతుంది కాబట్టి టీచరమ్మకు నమ్మకం కుదరలేదు. ఇంకోసారి చూద్దామంటే ఆయాకు జ్వరం వచ్చి రెండు రోజులు బడికి రాలేదు.

మూడో రోజు ఆయా వచ్చింది. ఆవిడ వెనకే, ఎవరికీ చెప్పకుండా, తెల్ల మీసాలాయన కూడా వచ్చాడు.

టీచరమ్మకు ఆ సంగతి తెలీదు. రెండో బెంచీ మీద ఇస్త్రీ పాప పక్కన కూర్చుని రాత దిద్దుతోంది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? "ఈ 'అ' పొట్ట చూడు, నొక్కేసిన బంతిలా ఉంది. గుండ్రంగా వచ్చేదాకా రాయి. నేను చెప్పేదాకా..." అంటూ ఉంది.

గంట మోగింది. మోగుతూనే ఉంది, ఇది ఆఫీసరు పనేనని టీచరమ్మకు తట్టింది. ముప్పై ముగ్గురు లేచి గుమ్మం దాటేశారు. ఇస్త్రీ పాప పెన్సిలు 'అ' మధ్యలో ఆగింది. తలెత్తి టీచరమ్మ మొహంలోకి చూసింది.

ఒక్క మాట, "లే" అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. అంటే పిల్ల లేస్తుంది, ఒకటో తరగతి దక్కుతుంది, ఎవరూ తప్పనరు. కానీ గంట మోగే రోజున తను గదిలోనే ఉంటుందని ఎవరు రాసిచ్చారు? టీచరమ్మ పళ్ళు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొహంలో ఏమీ కనిపించకుండా కూర్చుంది. అయిదు లెక్కపెట్టేదాకా ఆగుదామనుకుంది. అంతకన్నా ఆగే ధైర్యం ఆవిడకు లేదు. ఒకటి. రెండు. మూడు.

ఇస్త్రీ పాప పెన్సిలు పక్కన పెట్టింది. బెంచీ దిగింది. రెండడుగులు వేసి వెనక్కి చూసింది. టీచరు ఇంకా కూర్చునే ఉంది. మళ్ళీ వచ్చి ఆవిడ వేలు పట్టుకుంది.

"లేవండి టీచర్, గంట" అంది. కదలకపోయేసరికి ఇంకాస్త గట్టిగా లాగింది. "ఎవరూ చెప్పక్కర్లేదు టీచర్. లేవండి."

టీచరమ్మ లేచింది. తలుపు పక్కన హాజరు పట్టీ అందుకుంది. ఇద్దరూ చెప్పులు లేకుండా ఎండకు కాలిన నేల మీద గబగబా నడిచి పసుపు గోడ దగ్గరికి వచ్చారు. అక్కడ ముప్పై ముగ్గురు పొట్టి నుంచి పొడుగుకు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ పాప తన చోట్లో దూరింది. ఆ వరస పుణ్యమా అని లెక్కపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ముప్పై నాలుగు.

"నిమిషం యాభై రెండు" అన్నాడు ఆఫీసరు. మిగతా తరగతుల టీచర్లు తమ పిల్లల్ని పోగుచేసి లెక్కపెట్టలేక తంటాలు పడుతున్నారు. ఆయన అటు చూసి, ఇటు చూసి, "ఆ వరస కాస్త వాళ్ళకూ నేర్పండమ్మా. గోడ దగ్గర దాని విలువే వేరు" అన్నాడు. హెడ్మాస్టరమ్మ పుస్తకాల గది తాళం చెవిని పిడికిట్లోంచి సంచీలోకి జారవిడిచింది. టీచరమ్మ ఇవేవీ సరిగ్గా వినలేదు. ఆవిడ తన వేలు చూసుకుంటోంది. ఒక పిల్ల తన మాట మధ్యలో లేచిపోవడం, పైగా తనకే హుకుం వెయ్యడం ఆ ఉద్యోగంలో అదే మొదటిసారి. కడుపు నిండిపోయింది.

పిల్లలంతా తిరిగి గదికి వచ్చాక నోటుబుక్కు చేతిలోకి తీసుకుంది. ఆఖరి వరసలో 'అ' సగంలోనే ఆగిపోయి ఉంది. సగం రాసిన అక్షరాన్ని ఆవిడ ఏనాడూ ఒప్పుకున్నది లేదు. ఎర్ర పెన్ను తీసి, దాని పక్కన పెద్ద రైటు కొట్టింది.